జిర్కోనియాన్ని వదలని హాఫ్నియం

జిర్కోనియం, హాఫ్నియం అనే రెండు లోహాలను వేరుచేయడం కష్టం. దాని కారణం ఎలక్ట్రాన్ల అడ్డులో ఉంది. ముందు సోడియంతో చూద్దాం. సోడియం కేంద్రకంలో 11 ప్రోటాన్లున్నా, చివరి 3s ఎలక్ట్రాన్‌కు (మూడో కర్పరంలోని s రకం ఎలక్ట్రాన్‌కు) అంత ఆకర్షణ తగలదు. లోపలి పది ఎలక్ట్రాన్లు అడ్డుపడతాయి. ఇదే పరిరక్షక ప్రభావం. దీన్ని అంచనా కట్టే పద్ధతిని అమెరికా భౌతిక శాస్త్రవేత్త జాన్ స్లేటర్ 1930లో ఇచ్చాడు. బయటి s, p ఎలక్ట్రాన్లకైతే అదే కర్పరంలోని ఒక్కో ఎలక్ట్రాన్‌కు 0.35 ప్రోటాన్ అడ్డు, దాని కింది కర్పరానికి 0.85, ఇంకా లోపలివాటికి 1. సోడియంలో 8×0.85 + 2×1 = 8.8. పదకొండులోంచి తీసేస్తే మిగిలేది 2.2 మాత్రమే.

ఈ లెక్క 4f ఎలక్ట్రాన్ల (నాలుగో కర్పరంలోని f రకం ఎలక్ట్రాన్ల) దగ్గర తప్పుతుంది. 6s ఎలక్ట్రాన్‌కు ఒక్కో 4f ఎలక్ట్రాన్ పూర్తిగా ఒక ప్రోటాన్‌ను కప్పేస్తుందని స్లేటర్ నియమం చెబుతుంది. నిజానికి కప్పదు. 6s ఎలక్ట్రాన్ కొంతసేపు 4f మేఘాన్ని దాటి కేంద్రకం దాకా చొచ్చుకుపోతుంది, అక్కడ దానికి అడ్డు ఉండదు. 4f ఎలక్ట్రాన్లు ఒకదానికొకటి కూడా సరిగా అడ్డుపడవు. అందుకే 4f ఎలక్ట్రాన్లు నిండుతూ వచ్చే వరుసలో, లాంథనం (La) నుంచి లుటీషియం (Lu) దాకా, ప్రోటాన్లు పెరిగేకొద్దీ పరిమాణం తగ్గుతూ వస్తుంది: La³⁺ అయాన్ వ్యాసార్ధం 103 పికోమీటర్లు (పికోమీటర్ అంటే మీటరులో లక్షకోట్లవ వంతు), Lu³⁺ ది 86.

ఆ సంకోచం భారమంతా వాటి వెంటనే వచ్చే హాఫ్నియం మీద పడింది. జిర్కోనియం కంటే 32 ప్రోటాన్లు ఎక్కువున్నా హాఫ్నియం అయాన్ Hf⁴⁺ వ్యాసార్ధం 71 పికోమీటర్లే, జిర్కోనియం అయాన్ Zr⁴⁺ ది 72. సాంద్రత రెట్టింపు, రసాయన ప్రవర్తన మాత్రం దాదాపు ఒకటే. జిర్కోనియం ఖనిజమైన జిర్కాన్ స్ఫటికంలో జిర్కోనియం చోట హాఫ్నియం ఇట్టే ఒదిగిపోతుంది. 1923లో కోపెన్‌హేగన్‌లో కోస్టర్, హెవెసీ అనే శాస్త్రవేత్తలు ఎక్స్‌రే వర్ణపటంతో పట్టుకునేదాకా అది రసాయనవేత్తల కంటపడనేలేదు.

అణు రియాక్టర్‌కు మాత్రం ఈ రెండూ పూర్తిగా వేరు. నెమ్మది న్యూట్రాన్లను హాఫ్నియం జిర్కోనియం కంటే అయిదువందల రెట్లకు పైగా మింగేస్తుంది. కాబట్టి ఇంధన గొట్టాలకు వాడే జిర్కోనియంలో హాఫ్నియం పదిలక్షలకు వంద భాగాలు మించకూడదు. హైదరాబాద్ న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో జిర్కాన్ ఇసుకను కాస్టిక్ సోడాతో వేడిచేసి కరగబెట్టి, అప్పుడు ఏర్పడే సోడియం సిలికేట్‌ను నీటితో కడిగేసి, మిగిలినదాన్ని నత్రికామ్లంలో కరిగిస్తారు. ఈ కడగడంలో అశ్రద్ధ పనికిరాదు. సిలికా మిగిలితే తరువాతి దశలో కలిపే రెండు ద్రవాలూ విడిపోకుండా నురగలా కలిసిపోతాయి. ఆ ఆమ్ల ద్రావణాన్ని ట్రైబ్యూటైల్ ఫాస్ఫేట్ అనే, నీటితో కలవని సేంద్రియ ద్రవంతో కలిపితే జిర్కోనియం నైట్రేట్ దాంట్లోకి ఎక్కువగా చేరుతుంది, హాఫ్నియం చాలావరకు ఆమ్లంలోనే ఉండిపోతుంది. ఒక్క దశలో వచ్చే తేడా చాలదు. అందుకే రెండు ద్రవాలనూ ఎదురెదురుగా పారిస్తూ ఎన్నో దశల్లో నడపాలి. పద్నాలుగు 4f ఎలక్ట్రాన్లు అడ్డు సరిగా కట్టకపోవడమే ఇంత యంత్రాంగానికీ కారణం.

వేరుపడిన హాఫ్నియం కూడా వృథా కాదు. న్యూట్రాన్లను మింగే ఆ గుణం వల్లే దాన్ని కొన్ని రియాక్టర్లలో నియంత్రణ కడ్డీలకు వాడతారు.