నీళ్లు ఎన్ని డిగ్రీలున్నాయి? ల్యాప్ స్విమ్మర్ల అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో ఈత నేర్పడం నా పని. మా పూల్‌కి పైకప్పు లేదు, హీటర్ లేదు. జనవరిలో పొద్దున ఐదున్నరకు థర్మామీటర్ వేస్తే 20 డిగ్రీలు, ఒక్కోసారి ఇంకా తక్కువ. మే నెల సాయంత్రం అదే థర్మామీటర్ 32 చూపిస్తుంది. పన్నెండు డిగ్రీల తేడా ఉన్న నీళ్లలో ఈదుతూ కూడా చాలామంది స్టాప్‌వాచ్ ఒక్కటే చూసుకుంటారు. "సార్, ఫిబ్రవరిలో 400 మీటర్లు ఏడు నిమిషాల్లో అయ్యేది. ఇప్పుడు ఏడున్నర పడుతోంది. ఫామ్ పోయిందా?" అని ఎండాకాలంలో దిగులుగా అడుగుతారు. ఫామ్ ఎక్కడికీ పోలేదు. అప్పటి నీళ్లు వేరు, ఇప్పటి నీళ్లు వేరు. ఈ సంగతి తెలియక మంచి స్విమ్మర్లు అనవసరంగా టెన్షన్ పడుతుంటే బాధేస్తుంది. అందుకే నేను రోజూ వినే మాటల్ని ఒక్కొక్కటిగా తీసుకుని రాస్తున్నాను.

అపోహ: నీళ్లు ఎంత చల్లగా ఉంటే అంత స్పీడ్ వస్తుంది

పోటీల పూల్‌లో నీళ్లు 25 నుంచి 28 డిగ్రీల మధ్య ఉండాలన్నది ఈత పోటీల అంతర్జాతీయ సమాఖ్య వరల్డ్ ఆక్వాటిక్స్ నియమం. చల్లటి నీళ్లకే వేగం వచ్చేదయితే పోటీలు 20 డిగ్రీల్లోనే పెట్టేవారు. నీరు గాలి కంటే పాతిక రెట్లు త్వరగా వేడిని లాగేస్తుంది. ఒంటికి గాలి తగిలితే హాయిగా ఉండే 22 డిగ్రీలు నీళ్లలో చలి పుట్టించేది అందుకే. చల్లబడిన కండరం నెమ్మదిగా ముడుచుకుంటుంది, బలం తగ్గుతుంది. వేళ్లు బిగుసుకుపోయి విడిపోతాయి, అరచేతికి నీటి మీద పట్టు దొరకదు. స్ట్రోక్, అంటే ఒక్కో చేతి విసురు, పొట్టిదవుతుంది. మా దగ్గర చలికాలంలో ఒక లెంగ్త్‌కు (పూల్ ఈ చివర నుంచి ఆ చివరకు) పడే చేతుల లెక్క చూస్తే, మామూలుగా 20 పడేవాళ్లకు 23, 24 పడుతుంటాయి. చన్నీళ్లలో మొదటి వంద మీటర్లు చురుగ్గా అనిపించడం నిజమే. చలికి గుండె, ఊపిరి వేగంగా కొట్టుకోవడం వల్ల అలా అనిపిస్తుంది. గడియారం మాత్రం ఆ చురుకును చూపించదు.

చలికాలంలో నేను అసలు ఒప్పుకోనిది, వచ్చీ రాగానే డైవ్ కొట్టడం. చన్నీళ్లలో ఒక్కసారిగా మునిగితే మన ప్రమేయం లేకుండానే ఊపిరి ఎగపీల్చుకుంటాం. మొదటి అర నిమిషంలో అది చాలా బలంగా ఉంటుంది, సర్దుకోవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. ఆ క్షణంలో ముఖం నీళ్లలో ఉంటే ఎంత బాగా ఈదేవాళ్లకైనా ప్రమాదమే. గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్లకు మరీను. గట్టు మీదే ఐదు నిమిషాలు చేతులు తిప్పి ఒళ్లు వెచ్చబెట్టుకోవాలి. నిచ్చెన మెట్ల మీదుగా దిగి, ముఖం, మెడ వెనక తడుపుకుని, 200 మీటర్లు నిదానంగా ఈదాలి. సెట్ల (విరామమిస్తూ ఈదే విడతల) మధ్య గోడ పట్టుకుని కబుర్లు చెబుతూ నిలబడితే సంపాదించుకున్న వెచ్చదనమంతా పోతుంది. 20 కంటే తగ్గిన రోజు మా దగ్గర అరగంటకు మించి ఎవరినీ నీళ్లలో ఉంచను.

ఇక 25 నుంచి 28 లోపల కూడా అందరికీ ఒకటే లెక్క కాదు. 50 మీటర్లు కొట్టేవాళ్లకు ఒళ్లు వేడెక్కేంత సమయమే ఉండదు. వాళ్లకు కావలసింది వెచ్చటి కండరం, కాబట్టి 27, 28 బాగుంటుంది. 1500 మీటర్లు ఈదేవాళ్లు లోపల పుట్టే వేడిని వదిలించుకోవాలి, వాళ్లకు 25, 26 హాయి.

అపోహ: నీళ్లలో చెమట పట్టదు, వడదెబ్బ తగలదు

నన్ను అన్నిటికంటే ఎక్కువ భయపెట్టేది ఈ మాట. చెమట పడుతుంది. నీళ్లలో కలిసిపోతుంది కాబట్టి కనిపించదు, అంతే.

ఈదేటప్పుడు మనం ఖర్చు పెట్టే శక్తిలో ముందుకు కదలడానికి పనికొచ్చేది పదో వంతు కూడా ఉండదు. మిగతాదంతా వేడిగా మారుతుంది. ఆ వేడి చర్మం ద్వారా నీళ్లలోకి పోవాలి. ఒంటి వేడి 37 డిగ్రీలనుకుంటే, 26 డిగ్రీల నీటికీ దానికీ తేడా 11. నీళ్లు 32 అయితే తేడా 5 మాత్రమే. వేడి బయటికి పోయే దారి సగానికి పైగా మూసుకుపోయినట్టే. నేల మీద పరిగెత్తేవాళ్లకు చెమట ఆరి ఒళ్లు చల్లబడుతుంది. నీళ్లలో చెమట ఆరే వీలే లేదు. ఒంట్లో నీరు పోవడం పోతుంది, దాని ప్రయోజనం మాత్రం దక్కదు. ఇక శరీరం చేయగలిగింది రక్తాన్ని చర్మం వైపు పంపడం. కండరాలకు అందే రక్తం తగ్గుతుంది, అదే వేగానికి గుండె ఇంకా ఎక్కువ కొట్టుకోవాలి. ఫిబ్రవరి ఏడు నిమిషాలు మేలో ఏడున్నర కావడం వెనక ఉన్న సంగతి ఇదే.

2010 అక్టోబర్‌లో యూఏఈలోని ఫుజైరాలో 10 కిలోమీటర్ల ఓపెన్ వాటర్ (పూల్‌లో కాకుండా సముద్రం, సరస్సుల్లో ఈదే) ప్రపంచ కప్ పోటీ జరిగింది. అమెరికా స్విమ్మర్ ఫ్రాన్ క్రిపెన్ ఆ పోటీలో చనిపోయాడు. వయసు 26. ఆ రోజు సముద్రం బాగా వెచ్చగా ఉంది. ఆ మరణానికి వేడి ఒక్కటే కారణమని అనలేం. కానీ ఓపెన్ వాటర్ పోటీలకు నీళ్లు 31 డిగ్రీలు దాటకూడదన్న పరిమితి వచ్చింది ఆ తర్వాతే. అంతకుముందు 16కు తగ్గకూడదనే కింది హద్దు ఉండేది గానీ పైహద్దు లేదు. ఆ 31ని మా పూల్ మే నెలలో చాలా సాయంత్రాలు దాటుతుంది. ప్రపంచ స్థాయి స్విమ్మర్లకు తగదన్న నీళ్లలో, ఆఫీసు నుంచి అలసిపోయి వచ్చిన మనిషి రెండు కిలోమీటర్లు ఆపకుండా కొట్టాలని చూస్తుంటే నేను ఊరుకోలేను.

30 దాటితే పొడుగు సెట్లు మా దగ్గర ఉండవు. వంద మీటర్లవి పది ఉన్నచోట యాభై మీటర్లవి పెట్టి, మధ్యలో విశ్రాంతి పెంచుతాను. సిలికాన్ టోపీ తల వేడిని పట్టి ఉంచుతుంది, అది తీసేయమంటాను. నీళ్ల బాటిల్ లేన్ చివర గట్టు మీదే ఉండాలి, పదిహేను నిమిషాలకోసారి రెండు గుక్కలు తాగాలి. 32 దాటితే టెక్నిక్ డ్రిల్స్ (ఈత తీరు సరిదిద్దే నెమ్మది సాధన) తప్ప మరేమీ లేదు. తల బరువెక్కడం, వాంతి వచ్చేట్టుండడం, వేడి నీళ్లలోనే ఒళ్లు జలదరించడం, ల్యాపుల లెక్క తప్పడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా వెంటనే బయటికి రావాలి. నీడలో కూర్చోబెట్టి తడిగుడ్డ చుట్టాలి. మాట తడబడుతుంటే ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే.

నమ్మకం కుదరని వాళ్లకు ఒక చిన్న పరీక్ష. ఈతకు ముందు, తర్వాత ఒళ్లు తుడుచుకుని బరువు చూసుకోండి. తగ్గిందంతా దాదాపు నీరే. చలికాలంలోనూ ఇది వర్తిస్తుంది. చన్నీళ్లలో దిగితే రక్తం ఛాతీ వైపు చేరి మూత్రం ఎక్కువగా తయారవుతుంది. దాహం మాత్రం వేయదు.

అపోహ: వేడి నీళ్లు పల్చగా ఉంటాయి, తేలిగ్గా జారిపోతాం

20 నుంచి 30 డిగ్రీలకు వెళ్తే నీటి జిగట ఐదో వంతు తగ్గుతుంది, అది నిజం. అయితే ఈతగాడిని ఎక్కువగా ఆపేది జిగట కాదు. ఒంటి ఆకారం వల్ల, లేచే అలల వల్ల ఎదురయ్యే ఒత్తిడి. అది నీటి సాంద్రత మీద ఆధారపడుతుంది, ఆ పది డిగ్రీలకు సాంద్రత అర శాతం కూడా మారదు. నడుము కిందికి జారకుండా ఈదడం నేర్చుకుంటే దానికి ఎన్నో రెట్లు లాభం.

అపోహ: చన్నీళ్లలో ఈదితే కొవ్వు త్వరగా కరుగుతుంది

వణికేటప్పుడు కొంత శక్తి ఖర్చవుతుంది. బయటికి వచ్చాక వేసే ఆకలి సంగతి ఎవరూ చెప్పరు. 20 డిగ్రీల నీళ్లలో, 33 డిగ్రీల నీళ్లలో ఒకేలాంటి వ్యాయామం చేయించి చూసిన పరిశోధన ఒకటుంది. ఖర్చయిన శక్తి ఇంచుమించు సమానమే. కానీ చన్నీళ్లలోంచి వచ్చినవాళ్లు తర్వాత బాగా ఎక్కువ తిన్నారు. జనవరిలో మా పూల్ బయట టిఫిన్ బండి దగ్గర నేను రోజూ చూసేదీ అదే.

అపోహ: చలికి అలవాటు పడితే పిల్లలు గట్టిపడతారు

పిల్లల బరువుతో పోలిస్తే వాళ్ల చర్మం విస్తీర్ణం పెద్దవాళ్ల కంటే ఎక్కువ, ఒంట్లో కొవ్వు కూడా తక్కువ. అందుకే వాళ్ల వేడి చాలా త్వరగా పోతుంది. పైగా నేర్చుకునే పిల్లలు సగం సేపు గోడ పట్టుకుని తమ వంతు కోసం నిలబడే ఉంటారు. పెదవులు నీలంగా మారి, పళ్లు టకటకలాడుతున్న బాబును చూపించి "బద్ధకిస్తున్నాడు సార్, ఇంకో నాలుగు రౌండ్లు కొట్టించండి" అన్న తల్లిదండ్రులున్నారు. ఆ పిల్లాడు అప్పుడు నేర్చుకునేది ఈత కాదు, నీళ్లంటే భయం. అలాంటప్పుడు బయటికి తీసి తువ్వాలు చుట్టడమే నా పని, ఎవరేమన్నా సరే. నేర్చుకునే చిన్నపిల్లలకు 30, 31 డిగ్రీలు మంచిది. వేసవి శిక్షణ శిబిరాలు ఈ ఒక్క విషయంలో సరైన కాలంలోనే జరుగుతాయి. మన ఊళ్లలో నడుముకు బెండు కట్టుకుని బావిలో ఈత నేర్చుకున్నదీ ఎండాకాలంలోనే.

చన్నీళ్లలో ఈదితే జలుబు చేస్తుందన్న మాటకు జవాబు చిన్నది. జలుబు వైరస్ వల్ల వస్తుంది. ఆస్తమా ఉన్నవాళ్లు మాత్రం చలిగాలి విషయంలో డాక్టర్ని అడిగి రావాలి.

అపోహ: నాలుగు ఐసు దిమ్మెలు వేస్తే పూల్ చల్లబడుతుంది

ఇది నేను లెక్క వేసి చూపిస్తాను. 50 మీటర్ల పొడవు, 25 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల లోతు అంటే 25 లక్షల లీటర్లు. ఒక్క డిగ్రీ పెంచడానికి దాదాపు 2,900 యూనిట్ల కరెంటుతో సమానమైన వేడి కావాలి. ఒక్క డిగ్రీ తగ్గించాలంటే దాదాపు 23 టన్నుల ఐసు. అందుకే పైకప్పు లేని పూల్‌ని ఎండాకాలంలో చల్లబరిచేది రాత్రి గాలే. రాత్రంతా నీటిని ఫౌంటెన్‌లా పైకి చిమ్మిస్తే ఆవిరి రూపంలో వేడి పోతుంది. పగలు నీడ వల కడితే ఎండ ఆగుతుంది. సీరియస్‌గా ల్యాపులు కొట్టేవాళ్లను మే నెలలో సాయంత్రం బ్యాచ్ నుంచి తెల్లవారుజాము బ్యాచ్‌కి మార్చడం నా దగ్గరున్న అన్నిటికంటే చవకైన ఉపాయం.

అపోహ: చెయ్యి పెట్టి చూస్తే తెలిసిపోతుంది

బోరు నీళ్లు చలికాలంలో వెచ్చగా, ఎండాకాలంలో చల్లగా ఉంటాయంటాం. లోతు నుంచి వచ్చే ఆ నీటి వేడి ఏడాది పొడవునా పెద్దగా మారదు. మారేది మన ఒంటికి తగిలే గాలి. చేతి అంచనా ఇలాగే మోసం చేస్తుంది. ఎండ పడే పూల్‌లో పైపొర వేరు, కింద వేరు. ఓపెన్ వాటర్ పోటీల్లో మొదలుకావడానికి రెండు గంటల ముందు, దారి మధ్యలో, 40 సెంటీమీటర్ల లోతున కొలుస్తారు. పూల్‌లో నేను కూడా అదే లోతున, నీళ్లు వచ్చే గొట్టానికి దూరంగా, రెండు చోట్ల కొలుస్తాను. వచ్చిన అంకె గట్టు మీద బోర్డుపై రాస్తాను. మా వాళ్ల నోట్‌బుక్‌లో తేదీ, సెట్, టైమింగ్ పక్కన ఇప్పుడు నాలుగో గడి ఉంది: నీళ్లు. మేలో దిగులుగా వచ్చిన ఆ 400 మీటర్ల స్విమ్మర్ ఆ గడి నింపడం మొదలుపెట్టి, నవంబర్‌లో నీళ్లు 26 ఉన్న రోజు 6 నిమిషాల 52 సెకన్లు రాసుకున్నాడు.