చింతచెట్టు దగ్గరికి వెళ్దాం

చిట్టీ, బాబీ,

బాగున్నారా? లెక్కల పరీక్షలో మార్కులు తక్కువొచ్చాయని చిట్టి పేపర్‌ను బట్టల కింద దాచిందని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. తిట్టడానికి రాయడం లేదమ్మా. చిన్నప్పుడు మీ అమ్మ కూడా ఇదే పని చేసింది. అది ఆమెకు గుర్తుండదులే.

మన పాత ఇల్లు హైదరాబాద్ అశోక్‌నగర్‌లో, హుస్సేన్‌సాగర్ నాలాకు దగ్గర్లో ఉండేది. 2000 ఆగస్టులో కురిసిన వానకు రాత్రికి రాత్రే ఇంట్లోకి మోకాళ్ల లోతు నీళ్లొచ్చాయి. బియ్యం డబ్బా తేలింది. పెళ్లి ఫొటోలు తడిసి అంటుకుపోయాయి. అందుకే మా ఆల్బంలో మీ తాతయ్య ముఖం సగమే కనిపిస్తుంది. నీళ్లు పోయాక మిగిలిన బురద అంతకంటే ఘోరం. మూడు రోజులు తట్టలతో ఎత్తిపోసినా వాసన వదల్లేదు. పై వాటావాళ్లు అన్నం వండి పంపారు. నేనేమో కనిపించిన ప్రతివాళ్ల మీదా విసుక్కున్నాను.

నాలుగో రోజు పొద్దున్నే మీ తాతయ్య గొడుగు పట్టుకుని బయల్దేరారు. ఇల్లు ఇలా ఉంటే షికారేమిటని అరిచాను. ఆయన నాలా వెంట నడిచి వెళ్లి చూసొచ్చారు. వీధి చివరి కల్వర్టు కింద ఎవరో ఇల్లు పడగొట్టిన రాళ్లూ మట్టీ పోశారట. నీళ్లు అక్కడ ఆగి వెనక్కి తన్నాయి. బస్తీవాళ్లను కూడగట్టి అవన్నీ తీయించారు. మా గడప జానెడు ఎత్తు పెంచి, కాగితాల ట్రంకుపెట్టెను అటకెక్కించారు. ఆ తర్వాతా వానలొచ్చాయి, నీళ్లు వాకిట్లోకీ వచ్చాయి. గడప మాత్రం దాటలేదు.

మన ఊరు కూడా ఒకప్పుడు అదే చేసింది. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకుంది. అఫ్జల్‌గంజ్‌లో, ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టెక్కి నూట యాభై మంది దాకా బతికారని చెబుతారు. మరుసటి ఏడు ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఊళ్లో మునిగిన వీధులు చూసి ఆయన ఊరుకోలేదు. ఆ నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో చూశారు. ఊరికి ఎగువన మూసీ మీదా, దాని ఉపనది ఈసీ మీదా జలాశయాలు కట్టమన్నారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ తయారయ్యాయి. ఉస్మాన్‌సాగర్ అంటే మన గండిపేటే. ఊరిని ముంచిన నది నీళ్లే కుళాయిల్లోకి వచ్చాయి. నేను కాపురానికొచ్చిన కొత్తలో తాగింది ఆ నీళ్లే.

అయినా పోయినవాళ్లు తిరిగి రాలేదు కదా. కష్టం వస్తే మంచిదే అని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది.

చిట్టీ, ఆ పేపర్ బయటికి తియ్యి. పైన వేసిన మార్కుల జోలికి పోకు. ఒక్కో లెక్కా మొదటి నుంచి చూసుకుంటూ పో. ఏ మెట్టు దగ్గర తప్పిందో అక్కడ పెన్సిల్‌తో సున్నా చుట్టు. టెన్షన్‌గా ఉంటే ముందు అన్నం తిను. ఆకలేస్తే నాకూ కూడికలు రావు.

బాబీ, అక్కను ఏడిపించకు.

దసరా సెలవులకు వస్తారుగా, ఆ చింతచెట్టు చూపిస్తాను. ఇంకా అక్కడే ఉంది. సంచిలో ఆ పేపర్ పెట్టుకోవడం మర్చిపోకు చిట్టీ.

మీ అమ్మమ్మ