రాగి, స్టీలు వేపుడు పెనాలు: అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో గోవిందరాజస్వామి గుడికి దగ్గరలో మాకు పాత్రల దుకాణం ఉంది. కొండకు వచ్చినవారు రాగి చెంబో, ఉద్ధరిణో కొనుక్కుని వెళ్తూ, పక్కన వేలాడే వేపుడు పెనాన్ని తిరగేసి చూస్తారు. అడుగు ఎర్రగా కనిపిస్తే చాలు, మంచిదేనని నమ్మి ధర అడుగుతారు. పాత్ర అమ్మే ముందు ఆ నమ్మకాన్ని సరిదిద్దడం నా బాధ్యత అనుకుంటాను.

అపోహ: అడుగున రాగి ఉంటే పెనం అంతటా సమానంగా వేడెక్కుతుంది.

వాస్తవం: రాగి వేడిని ప్రసరింపజేసే శక్తి స్టెయిన్‌లెస్ స్టీలుకు ఉన్నదానికి దాదాపు 25 రెట్లు ఉంటుందన్నది నిజమే. అయితే మంట తగిలిన చోటి నుంచి వేడి పక్కలకు పాకాలంటే ఆ రాగికి తగిన మందం కూడా ఉండాలి. చవక స్టీలు పెనాల అడుగున ఉండేది మిల్లీమీటరులో అతి చిన్న వంతు మందం గల పూత మాత్రమే. అందుకే అటువంటి పెనంలో ఉర్లగడ్డ వేపుడు చేస్తే, మంట వలయం తగిలిన మేర ముక్కలు మాడిపోయి, మిగిలిన చోట పచ్చిగానే ఉంటాయి. మేలైన రాగి పెనంలో మొత్తం మందం 2 నుంచి 2.5 మిల్లీమీటర్లు ఉండి, లోపలివైపు మాత్రం పలుచని స్టీలు పొర అతికి ఉంటుంది. అడుగు వ్యాసం 24 సెంటీమీటర్లు, మందం 2.5 మిల్లీమీటర్లు అనుకుంటే ఆ అడుగు ఒక్కటే సుమారు కిలో తూగుతుంది. కాబట్టి అంత వెడల్పున్న పెనం, పిడితో కలిపి కూడా, చేతికి తేలికగా తగిలితే అందులో రాగి పేరుకే ఉందని గ్రహించవచ్చు. అంచును మడవకుండా వదిలిన పెనమైతే, ఆ అంచునే వెలుతురులో పరిశీలిస్తే ఏ లోహం ఎంత మందం ఉందో కంటికే తెలుస్తుంది.

నా అభిప్రాయం అడిగితే, రోజువారీ వేపుళ్లకు చాలా ఇళ్లలో అంత ఖరీదు పెట్టవలసిన అవసరం లేదు. రెండు స్టీలు పొరల మధ్య, అంచు వరకూ, అల్యూమినియం ఉన్న ట్రైప్లై పెనం సరిపోతుంది. అల్యూమినియం కూడా రాగిలో సగానికి పైగా వేగంతో వేడిని పంచగలదు.

అపోహ: రాగి చెంబులో నీళ్లు మంచివైనప్పుడు రాగి పాత్రలో పులుసు కూడా మంచిదే.

వాస్తవం: ఇది ప్రమాదకరమైన పొరపాటు. చింతపండు, నిమ్మరసం, టమేటా, పెరుగు వంటి పుల్లని పదార్థాలు రాగిని కరిగించుకుంటాయి. అలా కరిగిన రాగి మోతాదు మించితే కడుపునొప్పి, వాంతులు వస్తాయి. ఈ సంగతి తెలిసే మన పెద్దలు వంట పాత్రలకు లోపల తగరంతో కళాయి పెట్టించేవారు. మా నాన్నగారు ఆ పని చేసేవారు. పాత్రను తోమి, నిప్పుల మీద కాల్చి, నవాసాగరం చల్లి, కరిగిన తగరాన్ని దూదితో గుండ్రంగా రుద్దుతుంటే లోపలంతా వెండిలా మెరిసేది. తగరంలో సీసం కలిపితే పని చవకగా తేలుతుంది కానీ తినేవారికి విషమవుతుందని, అలా ఎన్నడూ చేయకూడదని ఆయన మరీ మరీ చెప్పేవారు. ఇప్పటికీ కళాయి పెట్టించేవారు స్వచ్ఛమైన తగరమేనా అని తప్పక అడగాలి. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి కళాయి పెనాన్ని ఖాళీగా మంట మీద ఉంచరాదు. స్టీలు పొర ఉన్న రాగి పెనానికి ఈ బెడద లేదు.

అపోహ: అయస్కాంతం అంటుకోకపోతేనే అసలైన స్టీలు.

వాస్తవం: 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉన్న 304 రకం స్టీలుకు సాధారణంగా అయస్కాంతం అంటుకోదు. కానీ నికెల్ తగ్గించి మాంగనీసు కలిపిన చవక 200 శ్రేణి స్టీలుకు కూడా అంటుకోదు, పైగా అది త్వరగా తుప్పు పడుతుంది. మరోవైపు, ఇండక్షన్ పొయ్యికి పనికివచ్చే మంచి పెనాల బయటి పొరను అయస్కాంతం అంటుకునే స్టీలుతోనే కావాలని చేస్తారు. ఆ పొర లేని రాగి పెనం ఇండక్షన్ మీద వేడెక్కదు. ఆహారం తగిలే లోపలి పొర ఏ రకమో అడిగి, ఆ సంఖ్యను బిల్లు మీద రాయించుకోవడమే మేలు.

స్టీలు పెనానికి అన్నీ అంటుకుంటాయన్నది వేడి చూడకుండా నూనె పోసేవారి మాట. ఖాళీ పెనంలో చిలకరించిన నీటిబొట్టు చుయ్యిమని ఆవిరైపోతే ఇంకా ఆగాలి. అది ముత్యంలా జారుతూ తిరిగినప్పుడు మంట తగ్గించి, నూనె వేసి, కూర ముక్కలను తడి లేకుండా తుడిచి వేయాలి.

వాడిన కొన్నాళ్లకు కనిపించే నీలి, పసుపు రంగులు వేడికి మందమైన ఆక్సైడు పొర వల్ల వస్తాయి. తెల్లని మచ్చలు మన బోరు నీటిలోని సున్నం. రెండూ కొద్దిపాటి వెనిగర్‌తో పోతాయి. ఉప్పును చన్నీళ్లలో వేసి అలాగే వదిలేస్తే స్టీలులో పడే సన్నని గుంటలు మాత్రం పోవు. నీళ్లు మరిగాక ఉప్పు వేసి కలిపితే అవి పడవు. పడ్డా కూడా పెనం వంటకు పనికివస్తుంది కాబట్టి, దానిని పారేసి కొత్తది కొనవద్దనే మా దుకాణానికి వచ్చేవారికి చెబుతుంటాను.