ఆమె ఏ ఊరామె?

చిన్నికీ, బాబీకీ, మిగతా పిల్లలందరికీ తాత ఆశీస్సులు.

మొన్న మన బస్సు సచివాలయం ముందు ఆగినప్పుడు చిన్ని తెలంగాణ తల్లి విగ్రహాన్ని చూపించి "తాతా, ఆమె ఏ ఊరామె?" అని అడిగింది. సిగ్నల్ పడింది, జవాబు మిగిలిపోయింది.

సెలవులొస్తే "అమ్మమ్మ వాళ్ళింటికి పోతాం" అంటారు కదా. అక్కడ మామయ్యలుంటారు, బర్రె ఉంటుంది, వాకిట్లో వేపచెట్టుంటుంది. అయినా ఇల్లంతటికీ పేరు అమ్మమ్మదే. కళ్ళు మూసుకుంటే ముందు కనపడేదీ ఆమే. దేశమూ అంతే. అంత పెద్దది మనసులో పట్టక మనుషులు దానికొక ముఖం ఇచ్చుకున్నారు.

అమ్మమ్మ చేతిలో ఏముందో చూస్తే ఆ ఇంటి సంగతి తెలుస్తుంది. ఒకింట్లో చల్లకవ్వం, ఇంకో ఇంట్లో తాళంచెవుల గుత్తి. ఇంగ్లీషువాళ్ళు తమ దేశానికిచ్చుకున్న ముఖం బ్రిటానియా అనే ఆమెది, ఆమె చేతిలో త్రిశూలం ఉంటుంది, సముద్రం మాదే అన్నట్టు. ఫ్రాన్సుకు అలాంటి ముఖమే మరియాన్, ఆమెకు నెత్తిన టోపీ, అది స్వేచ్ఛకు గుర్తు. 1905లో బెంగాల్‌ను రెండు ముక్కలు చేసినప్పుడు అవనీంద్రనాథ్ ఠాగూర్ భరతమాత బొమ్మ గీశారు. కాషాయం కట్టిన ఆ తల్లికి నాలుగు చేతులు, ఒక్క ఆయుధం లేదు. పుస్తకం, వరికంకులు, తెల్లబట్ట, జపమాల. పిల్లలు ఆకలితో ఉంటే తల్లి ఇంకేం పట్టుకుంటుంది!

మా బడిలో ఒక ఆగస్టు 15న మా తరగతి పిల్లనే భరతమాతగా నిలబెట్టారు. బంగారు రంగు కాగితం కిరీటాన్ని చెవుల వెనక దారంతో కట్టారు. దారం ఒరుసుకుని చెవి ఎర్రబడింది, అయినా ఆమె జెండా దించలేదు. నేను లోటాతో నీళ్ళిస్తే గటగటా తాగింది. రోజూ నా ముందు వరసలో పలక తుడుచుకునే పిల్లే. ఆ పూట మాత్రం పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాలేదు. ఎందుకో ఇప్పటికీ చెప్పలేను.

నెహ్రూగారు ఊళ్ళకు వెళ్ళినప్పుడు జై కొట్టే రైతులను "భరతమాత అంటే ఎవరు?" అని అడిగేవారు. నేల, కొండలు, నదులు సరే, మీరందరూ కలిస్తేనే ఆ తల్లి అని చెప్పేవారు. బస్సులో ఎవరైనా ముసలామె నిలబడి ఉంటే లేచి సీటివ్వమని నేను పోరు పెట్టేది అందుకే.

చిన్నీ, ఈసారి సచివాలయం వైపు పోయినప్పుడు తెలంగాణ తల్లి ఎడమ చేయి చూడు. 2024 డిసెంబరు 9న ఆవిష్కరించిన ఆ విగ్రహం చేతిలో వరి, జొన్న, మక్క, సజ్జ కంకులున్నాయి. ఏది ఏదో గుర్తుపట్టి నాకు రాయి. సజ్జకంకి ఎలా ఉంటుందో తెలియకపోతే అమ్మమ్మనడుగు.

మీ తాత