హవాయి బొప్పాయి మన తోటల్లో రింగ్ స్పాట్‌ని ఎందుకు ఆపకపోవచ్చు?

హవాయిలో జన్యుమార్పిడి బొప్పాయి బాగా పనిచేసింది కదా, ఆ విత్తనమే తెచ్చి కడపలోనో అనంతపురంలోనో వేస్తే రింగ్ స్పాట్ వైరస్ పీడ వదిలిపోదా అనిపించడం సహజం. అంత తేలిగ్గా వదలదు. ఎందుకో తెలియాలంటే 1929 నుంచి మొదలుపెట్టాలి.

ఆ ఏడాది మెకిన్నీ అనే అమెరికా శాస్త్రవేత్త పొగాకు మొక్కల్లో ఒక సంగతి బయటపెట్టాడు. మొజాయిక్ వైరస్‌లో ఒక స్ట్రెయిన్ (అదే వైరస్‌లో కాస్త తేడా ఉన్న రకం) ముందే సోకి ఉంటే, ఆకుల్ని పసుపురంగులోకి తిప్పే దాని దగ్గరి స్ట్రెయిన్‌ని తర్వాత ఎక్కించినా ఆ పసుపు రాలేదు. కారణం అప్పటికి ఎవరికీ తెలీదు గానీ, పంటకి మాత్రం పనికొచ్చింది. నారింజ జాతి చెట్లని చంపే ట్రిస్టెజా వైరస్‌తో లక్షల చెట్లు పోగొట్టుకున్న బ్రెజిల్, బలహీనమైన స్ట్రెయిన్‌ని ముందే ఎక్కించిన అంట్లతో పెరా నారింజని నిలబెట్టుకుంది.

బొప్పాయికి అలాంటి బలహీన స్ట్రెయిన్ తోటల్లో దొరకలేదు, తయారుచేసుకోవాల్సి వచ్చింది. 1980ల్లో యే, గొన్సాల్వెస్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు హవాయి నుంచి వచ్చిన ఉధృతమైన వైరస్ ఉన్న మొక్క రసాన్ని నైట్రస్ ఆమ్లంతో కలిపి వైరస్‌లో మార్పులు తెప్పించి, కినోవా అనే మొక్క ఆకులమీద రుద్ది, లేచిన ఒక్కో మచ్చనీ విడిగా తీసి బొప్పాయి మొక్కలమీద పరీక్షించుకుంటూ పోయారు. అలా వందల మచ్చలు జల్లెడపడితే చేతికొచ్చింది హెచ్‌ఏ 5-1 అనే బలహీన స్ట్రెయిన్. నా దృష్టిలో ఈ కథలో అసలు కష్టమంతా ఇక్కడే ఉంది.

అది హవాయి స్ట్రెయిన్‌ని బాగానే అడ్డుకుంది. తైవాన్‌లో మాత్రం వైరస్‌ని మోసే పేనుబంక ఉధృతంగా ఉన్న తోటల్లో చాలా మొక్కలు మళ్లీ తెగులుకి లొంగిపోయాయి, ఎందుకంటే అక్కడి వైరస్ వేరే స్ట్రెయిన్.

1992లో వైరస్ హవాయిలోని పూనా అనే ప్రాంతానికి చేరి తోటల్ని ఊడ్చేసింది. అదే హెచ్‌ఏ 5-1 పైపొర ప్రోటీన్ జన్యువుని బొప్పాయిలో చేర్చి తెచ్చిన రెయిన్‌బో రకం 1998లో రైతులకి అందింది, వాళ్లని ఆదుకుంది కూడా. కాపాడేది ఆ ప్రోటీన్ కాదని, జన్యువు నుంచి వచ్చే ఆర్‌ఎన్‌ఏ (జన్యువులోని అక్షరాల వరుసకి నకలు) అని తర్వాత తేలింది. మొక్క ఆ ఆర్‌ఎన్‌ఏని చిన్న ముక్కలుగా కోసి, ఆ ముక్కలకి సరిపోలే వైరస్‌ని వెతికి మరీ నరుకుతుంది. వరుస తగినంత సరిపోలకపోతే గుర్తుపట్టదు. పరీక్షల్లో రెయిన్‌బో తైవాన్, థాయ్‌లాండ్ స్ట్రెయిన్లకి లొంగిపోవడానికి ఇదే ముఖ్య కారణం. అందుకే ఆ దేశాల శాస్త్రవేత్తలు హవాయి విత్తనం కోసం చూడకుండా, తమ తోటల్లోని వైరస్ నుంచే జన్యువు తీసి సొంత మొక్కల్ని తయారుచేసుకున్నారు.