సర్జన్ చూపు ఎక్కడ ఆగుతుంది?

పొట్ట మీద చిన్న రంధ్రాలు చేసి, కెమెరా పంపి, తెర మీద చూస్తూ చేసే శస్త్రచికిత్స ల్యాపరోస్కోపీ. ఈ పద్ధతిలో పిత్తాశయాన్ని తొలగించేటప్పుడు సర్జన్లు ఎక్కువగా భయపడే పొరపాటు ఒకటుంది. పిత్తాశయం నుంచి వచ్చే చిన్న నాళాన్ని కత్తిరించబోయి, కాలేయం నుంచి పేగుకు పైత్యరసాన్ని తీసుకెళ్లే ప్రధాన నాళాన్ని కత్తిరించడం. రోగికి అది ఏళ్ల తరబడి వెంటాడే కష్టం కావచ్చు. నాళాలు ఇలా దెబ్బతిన్న 252 ఘటనలను అమెరికా పరిశోధకులు విశ్లేషించి 2003లో ప్రచురించారు. వాటిలో చేతి నైపుణ్యంలో లోపం కనిపించినవి 3 శాతమే. 97 శాతం ఘటనల్లో ప్రధాన కారణం దృష్టి భ్రమ. ఒక నాళాన్ని చూసి మరొకటి అనుకున్నారు. చెయ్యి తన పని సరిగానే చేసింది, చూపు మోసపోయింది.

అయినా సర్జన్ నైపుణ్యాన్ని ఇన్నాళ్లూ చేతిని చూసే అంచనా వేశాం. సీనియర్లు పక్కన నిలబడో, వీడియో చూసో మార్కులు వేస్తారు. కణజాలాన్ని ఎంత సున్నితంగా పట్టుకున్నారు, పరికరాన్ని అనవసరంగా ఎన్నిసార్లు కదిపారు అని చూస్తారు. ఈ పద్ధతి పనికిరానిదేమీ కాదు. అమెరికాలోని మిచిగాన్‌లో 20 మంది బేరియాట్రిక్ (ఊబకాయం తగ్గించే శస్త్రచికిత్సలు చేసే) సర్జన్ల వీడియోలకు తోటి సర్జన్లే మార్కులు వేసిన అధ్యయనం 2013లో వచ్చింది. నైపుణ్యంలో అట్టడుగు పావు వంతులో ఉన్నవారి రోగుల్లో 14.5 శాతం మందికి, పై పావు వంతువారి రోగుల్లో 5.2 శాతం మందికి సమస్యలు తలెత్తాయి. నైపుణ్యాన్ని కొలవడం ఎంత అవసరమో చెప్పడానికి ఈ తేడా చాలు. కాకపోతే చేతిని చూస్తే ఏం జరిగిందో తెలుస్తుంది, ఎందుకు తడబడ్డారో తెలియదు.

ఆ 'ఎందుకు'ను పట్టుకోవడానికి ఐ ట్రాకింగ్, అంటే చూపు ఎటు కదులుతోందో నమోదు చేసే పద్ధతి, సాయపడుతుంది. కంటికి హాని చేయని ఇన్‌ఫ్రారెడ్ కాంతిని కంటి మీద వేస్తారు. కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) మీద మెరిసే చుక్కకూ, కనుపాప మధ్య బిందువుకూ ఉన్న దూరాన్ని కెమెరా సెకనుకు పదులసార్లు, కొన్ని పరికరాల్లో వందలసార్లు నమోదు చేస్తుంది. దాన్నిబట్టి చూపు ఎటు ఉందో కంప్యూటర్ లెక్కగడుతుంది. మన కన్ను ఒకేసారి స్పష్టంగా చూడగలిగేది చాలా తక్కువ. చెయ్యి చాపితే బొటనవేలి గోరు కనిపించేంత మేర మాత్రమే. మిగతాదంతా మసక. అందుకే కళ్లు సెకనుకు సుమారు మూడుసార్లు ఒక చోటు నుంచి మరో చోటికి గెంతుతాయి. గెంతే క్షణంలో దాదాపు ఏమీ కనిపించదు. చూపు ఆగిన చోటే సమాచారం అందుతుంది.

ల్యాపరోస్కోపీలో ఇది మరీ ముఖ్యం. పొట్ట మీది రంధ్రం దగ్గర పరికరం తూగుడు బల్లలా ఊగుతుంది: పిడిని ఎడమకు జరిపితే మొన కుడికి వెళ్తుంది. తెర మీద లోతు తెలియదు. కొత్తగా నేర్చుకునేవారి చూపు తమ పరికరం మొన మీద పడుతుంది, లక్ష్యం మీదికి వెళ్తుంది, మళ్లీ మొన దగ్గరికి వచ్చేస్తుంది. అనుభవజ్ఞులు లక్ష్యాన్ని చూస్తూ ఉంటారు, పరికరం అక్కడికి వస్తుంది. కెనడా పరిశోధకులు శస్త్రచికిత్సను అనుకరించే కంప్యూటర్ సిమ్యులేటర్ మీద ఈ తేడాను 2004లోనే చూపించారు.

కనుపాప కూడా కొంత చెబుతుంది. గుర్తుపెట్టుకోవాల్సిన అంకెలు పెరిగే కొద్దీ కనుపాప పెద్దదవుతుందని 1966లోనే తేలింది. ఇద్దరు శిక్షణార్థులు ఒకే సమయంలో ఒకేలాంటి కుట్టు వేశారనుకుందాం. మార్కులు సమానం. ఒకరి కనుపాప మాత్రం బాగా విచ్చుకుని ఉంది. ఆ కుట్టుకే మనసంతా ఖర్చయిపోతే, హఠాత్తుగా రక్తం కారడం మొదలైనప్పుడు ఆలోచించడానికి ఏం మిగులుతుంది? నన్నడిగితే ఈ విద్య మొత్తంలో విలువైన ప్రశ్న ఇదే. అయితే వెలుతురు మారినా కనుపాప మారుతుంది కాబట్టి, తెర వెలుగు పెరిగి తగ్గే ఆపరేషన్‌లో ఈ లెక్క జాగ్రత్తగా వేయాలి.

చూపు నేర్పితే వస్తుంది కూడా. బ్రిటన్‌లో 2011లో వచ్చిన ఒక ప్రయోగంలో, నిపుణుల చూపును అనుకరించడం నేర్చుకున్నవారు, చేతి కదలికల మీద దృష్టిపెట్టి నేర్చుకున్నవారికంటే ల్యాపరోస్కోపీ సాధన పనిని వేగంగా ముగించారు. పక్కన మరో పని పెట్టినా నిలదొక్కుకున్నారు.

మరి దీంతోనే సర్జన్లకు పరీక్ష పెట్టేయవచ్చా? కూడదనే నా అభిప్రాయం. 2013లో అమెరికా పరిశోధకులు ఊపిరితిత్తుల సీటీ స్కాన్‌లలో ఒక గొరిల్లా బొమ్మ పెట్టి 24 మంది రేడియాలజిస్టులకు (స్కాన్‌లు చూసి రోగాన్ని గుర్తించే వైద్యులకు) చూపించారు. 20 మంది గమనించలేదు. వారిలో చాలామంది చూపు నేరుగా ఆ బొమ్మ మీదే పడిందని ఐ ట్రాకర్ నమోదు చేసింది. చూపు ఎటు పడిందో యంత్రం చెబుతుంది, మనసు ఏం గుర్తించిందో చెప్పలేదు. పైగా పరీక్షలో చూపుకు మార్కులుంటే లక్ష్యం మీద కళ్లు నిలిపి ఉంచడాన్నే అభ్యర్థులు సాధన చేస్తారు, అర్థం చేసుకోవడాన్ని కాదు.

శిక్షణ గదిలో మాత్రం దీనికి సాటి లేదు. చూపు ఆగిన చోట్లను చుక్కలుగా చూపే రికార్డింగ్‌ను ఆపి, చూపు తచ్చాడిన చోటును చూపిస్తూ "ఇక్కడ మీకేం సందేహం వచ్చింది?" అని గురువు అడగవచ్చు. శిక్షణార్థికి అప్పటికి గుర్తుండని తటపటాయింపు కూడా ఆ చుక్కల్లో దొరుకుతుంది.