పేరు ఇంట్లో, అంకె బస్రాలో

మా జేజినాయనకు చిన్నాయన వరసయ్యే ఒకాయన జర్మన్ యుద్ధానికి పోయి ఇరాక్‌లోని బస్రాలో చనిపోయినాడు. 'అక్కడ సమాధి కట్టి, రాతి మీద పేరు చెక్కినారంట' అని మా అవ్వ చివరిదాకా నమ్మింది. కడప జిల్లాలో ఇలాంటి కథ మా ఒక్క ఇంటిదే కాకపోవచ్చు. పోయింది నిజం. పేరు చెక్కారన్నదే తేలని సంగతి.

మొదటి ప్రపంచయుద్ధంలో మన దేశం నుంచి సుమారు 13 లక్షల మంది పనిచేస్తే, దాదాపు 74 వేల మంది తిరిగి రాలేదు. మెసపొటేమియాలో, అంటే ఇప్పటి ఇరాక్‌లో, గుండ్లకే కాదు, జబ్బులకూ చాలామంది పోయారు. శవాలను సొంతూళ్లకు పంపకూడదన్నది బ్రిటన్ పెట్టిన రూలు, తెల్లవాళ్లకూ అదే. అందువల్ల శవం రాలేదని మనవాళ్లకు ప్రత్యేకంగా అన్యాయం జరిగిందనలేం. అన్యాయం జరిగింది పేరు దగ్గర.

1917లో బ్రిటిష్ సామ్రాజ్యం పెట్టిన యుద్ధ సమాధుల కమిషన్ (ఇప్పటి CWGC) హోదా, జాతి చూడకుండా అందరినీ ఒకేలా గుర్తుపెట్టుకుంటామంది. 1929లో బస్రాలో స్మారకం తెరిచారు. సమాధి ఎక్కడుందో తెలియని 40 వేల మందికి పైగా సైనికుల కోసం కట్టిందది. అధికారుల పేర్లు చెక్కారు. మన మామూలు సిపాయిలకు మాత్రం రెజిమెంటు పేరు కింద 'ఇంతమంది' అని ఒక అంకె! ఈ తేడా చూపినట్టు కమిషనే 2021 నివేదికలో ఒప్పుకుని, క్షమాపణ చెప్పింది. స్మారకం కూడా కట్టిన చోట లేదు. సద్దాం హుస్సేన్ ఆదేశంతో 1997లో దాన్ని నాసిరియా దారిలోకి మార్చారు.

విచిత్రమేమంటే, అదే ప్రభుత్వం చనిపోయినవాళ్ల ఇళ్లకు కంచు బిళ్లలు పంపింది. మాకొచ్చినదీ ఉంది. సుమారు 12 సెంటీమీటర్ల గుండ్రటి బిళ్ల, మీద త్రిశూలం పట్టిన ఆడమనిషి, సింహం, ఉబ్బెత్తు అక్షరాల్లో ఆయన పేరు. హోదా ఉండదు, ఎవరికైనా పేరొక్కటే. చాలా ఏళ్లు అది ఊరగాయ జాడీకి మూతగా పనిచేసింది. ఆయన గుర్తుగా మావాళ్లు చేని గట్టున ఒక రాయి నాటుకుని, పెద్దల అమావాస్యకు దానికే బట్టలు పెట్టేవాళ్లు.

ఆ రూలుకు ముందు దొరల సంగతి వేరు. సైనికుడిగా వచ్చి దత్తమండలాలకు కలెక్టరైన థామస్ మన్రో 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో పోయాడు. గుత్తిలో పూడ్చారు, 1831లో అస్థికలను తీసి మద్రాసు కోటలోని చర్చికి చేర్చారు. మన్రో మంచివాడే, మన జిల్లాల్లో పిల్లలకు ఆయన పేరు పెట్టుకున్నారు కూడా. అయినా పోల్చకుండా ఉండలేం.

స్వాతంత్ర్యం వచ్చాక కూడా 1962, 65, 71 యుద్ధాల్లో చాలామందికి సరిహద్దు దగ్గరే అంత్యక్రియలు జరిగాయి. జెండా కప్పిన పెట్టె ఊరికి రావడం 1999 కార్గిల్ నుంచే మామూలైంది.

ఇప్పుడు కమిషన్ జాబితాలను ఆన్‌లైన్‌లో వెతకొచ్చు. పేరు ఇంగ్లీషులో ఎలా రాశారో చెప్పలేం కాబట్టి సర్వీసు నంబరు, రెజిమెంటు పట్టుకోవడం మేలు. జిల్లా పేరును ఇప్పటి మ్యాపుతో చూడొద్దు. 1911కి ముందు మదనపల్లె కడప జిల్లాలోదే, గిద్దలూరు, మార్కాపురం 1970 దాకా కర్నూలువి.